నాయిన చెప్పాక ఏడాదిన్నర: ఏది ముందు, ఏది తర్వాత (నా అనుభవం)

నాయిన తాను గే అని, అంటే తన మనసు మగవాళ్ల మీదే పోతుందని చెప్పిన రాత్రి మేం చేసిన మొదటి పని పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయడం. వడ్ల బస్తాల వెనక గడ్డిమందు సీసా ఒకటి, సగం వాడిన పురుగుమందు డబ్బాలు రెండు ఉన్నాయి. తమ్ముడు వాటిని గోనెసంచిలో కట్టి, చిన్నాయిన వాళ్ల కొట్టంలో పెట్టి తాళం వేయించి వచ్చాడు. ఎలుకలు సీసాలు దొర్లిస్తున్నాయని చెప్పాడు, అంతకు మించి అక్కడెవరూ అడగలేదు. గడ్డిమందుల్లో పారాక్వాట్ రకానికి విరుగుడు లేదు, ఆస్పత్రికి ఎంత తొందరగా పోయినా లేదు. భయం నాయిన ఒక్కడి గురించే కాదు, అమ్మ గురించీ, నాయినమ్మ గురించీ. పల్లెల్లో ఇలాంటి మాట బయటపడ్డ ఇంట్లో మొదటి వారం దాటించడమే అసలు పని. మిగతావన్నీ దాని తర్వాతే.

మాది ఉమ్మడి నల్గొండ జిల్లా, సాగర్ ఎడమ కాలువ కింద ఐదెకరాల వరి. నాయినకు 51, అమ్మకు 46. నాయినమ్మ మాతోనే ఉంటుంది. పెళ్లయి వేరే ఊళ్లో ఉన్న పెద్దబిడ్డను నేను. తర్వాత తమ్ముడు, పెళ్లికి ఉన్న చెల్లె. నాయిన గే. 26 ఏళ్ల సంసారం తర్వాత తనంతట తాను కూర్చోబెట్టి చెప్పలేదు, చెప్పక తప్పని పరిస్థితి వచ్చి చెప్పాడు. ఫోన్లో ఆప్ ద్వారా పరిచయమైన మనిషిని కలవడానికి పోతే ముగ్గురు కలిసి వీడియో తీసి, ఫోన్ పేలో 38,000 లాగారు. ఇంకో 50,000 పంపకపోతే వీడియో కొడుక్కు పంపుతామన్నారు. వాళ్లు పంపేలోపే నాయిన తమ్ముడికి చెప్పేశాడు.

కాబట్టి డబ్బు సంగతి ముందు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత తొందరగా ఫోన్ చేస్తే అంత మేలు, డబ్బు అవతలి ఖాతాలోంచి ఇంకో ఖాతాకు పాకకముందే ఆపగలరు. ఫోన్ చేసే ముందు చేతిలో ఉంచుకోవాల్సినవి: ఏ ఖాతా నుంచి పోయింది, ఎంత, ఎన్ని గంటలకు, ఒక్కో లావాదేవీకి ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు. సిగ్గుతో చాట్ మొత్తం చెరిపేయడం అందరూ చేసే తప్పు. నాయిన సగం చెరిపేశాడు, బెదిరింపు మెసేజీలు మాత్రం మిగిలాయి. వాటికి స్క్రీన్‌షాట్లు తీసుకున్నాం. రెండో తప్పు, ఇంకొక్కసారి ఇస్తే వదిలేస్తారని డబ్బు పంపడం. వదలరు, పైగా ఇచ్చే మనిషని తెలిసి రేటు పెంచుతారు. ఫిర్యాదులో నాయిన అక్కడికి ఎందుకు పోయాడో రాయాల్సిన పని లేదు. బెదిరించి డబ్బు గుంజారు, వీడియో పంపుతామంటున్నారు, అది చాలు. భారతీయ న్యాయ సంహితలో అది 308వ సెక్షన్. సంఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా జీరో ఎఫ్ఐఆర్ కింద ఎక్కడైనా తీసుకోవాలి. మా పక్క స్టేషన్లో ఫిర్యాదులు రాసుకునే రైటర్ రెండు సార్లు తిప్పాడు. మూడోసారి లాయర్‌ను వెంటబెట్టుకుని పోతే తీసుకున్నారు. బ్యాంకు ఆపగలిగింది 11,000, మిగతాది రాలేదు.

ఇక మాట. తెలుగు పేపర్లు రాసే 'స్వలింగ సంపర్కం' అనే పదాన్ని మేం ఇంట్లో వాడలేదు. అది వినగానే మనిషి పోయి పడకే కళ్ల ముందుకు వస్తుంది. ఊళ్లో ఉన్న మాటలన్నీ తిట్లే. 'గే' అంటే నాయినమ్మకు తెలియదు. ఆమెకు నాయినే చెప్పాడు: "నాకు చిన్నప్పటి సంది ఆడోళ్ల మీద మనసు పోలేదమ్మా. మీరు చెయ్యమంటే పెండ్లి చేసుకున్న." అంతే చెప్పాడు. ఆమె చాలాసేపు వక్కలు కత్తిరిస్తూ కూర్చుని, "మరి ఆ పిల్ల ఏం జేసింది పాపం" అంది. అమ్మ గురించి ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి నాయినమ్మే. మిగతావాళ్లందరూ, నాతో సహా, నాయినకేమైంది, ఎట్లా అయింది, మారతాడా అనే అడిగాం. ఏడాదిన్నర తర్వాత చూసుకుంటే, అమ్మ ఆరోగ్యం, అమ్మ పేర భూమి, అమ్మ పడుకునే చోటు, ఈ మూడూ తేలేదాకా మేం చేసిన మిగతా గింజులాట అంతా దండగే.

చెప్పే పని ఎవరిదన్నది ఖాయం చేసుకోవాలి. మేం పెట్టుకున్న కట్టు ఒక్కటే: ఎవరికి చెప్పాలన్నా నాయినే చెప్పాలి, ఇంకొకరి నోటి నుంచి పోకూడదు. అమ్మ మాత్రం ఎవరితోనైనా చెప్పుకోవచ్చు, ఎందుకంటే అది ఆమె కథ కూడా. ఆమె వాళ్ల అక్క ఒక్కదానికే చెప్పుకుంది.

అమ్మను పరీక్షకు తీసుకుపోవడం ఆలస్యం చేయొద్దు. మేం 19 రోజులు ఆలస్యం చేశాం, ఆ మాట అమ్మతో ఎట్లా అనాలో తెలియక. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఐసీటీసీ అని ఉంటుంది, హెచ్ఐవీ పరీక్ష, సలహా రెండూ ఉచితం. గర్భిణులందరికీ అక్కడే పరీక్ష చేస్తారు కాబట్టి ఆ గది ముందు నిలబడ్డంత మాత్రాన ఎవరూ ఏమీ అనుకోరు. అయినా మండలంలో చేయించలేదు. మా ఊరి ఆశ వర్కర్ గర్భిణులను వెంటబెట్టుకుని రోజూ అక్కడికే వస్తుంది. రెండు బస్సులు మారి వేరే పట్నంలో ఏరియా ఆస్పత్రికి పోయాం. కౌన్సెలర్ నన్ను బయట కూర్చోమని, అమ్మతో ఒక్కదానితోనే మాట్లాడింది. పరీక్షకు ముందు మనిషి ఒప్పుకోలు తీసుకోవాలి, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం అది మన హక్కు. చేతి నరం నుంచి కొద్దిగా రక్తం తీశారు. మధ్యాహ్నానికల్లా కాగితం ఇచ్చారు. మొదటి పరీక్షలో ఏమీ లేకపోతే అక్కడితో ఆగుతుంది, ఉంటే వేరు వేరు కిట్లతో మొత్తం మూడుసార్లు చూశాకే ఉందని చెబుతారు. నెగటివ్ వచ్చినా మూడు నెలలకు మళ్లీ రమ్మన్నారు, ఈ మధ్యే సోకి ఉంటే మొదటిసారి దొరకకపోవచ్చని.

ఆ రోజే అదే ఆస్పత్రిలో, లైంగిక వ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌లో సిఫిలిస్ పరీక్ష చేయించాం. హెపటైటిస్ బి కూడా అడిగి చేయించుకోవాలి, అడగకపోతే చేయరు. హెపటైటిస్ బి లేకపోతే టీకా ఉంది, 0, 1, 6 నెలలకు మూడు డోసులు. అమ్మకు అన్నీ నెగటివ్. మూడు నెలల తర్వాత కూడా. నాయిన అప్పటికే ఆర్నెల్లకోసారి చేయించుకుంటున్నాడని, కాగితాలు మోటారు షెడ్డులో స్టార్టర్ డబ్బా వెనక దాచాడని అప్పుడు తెలిసింది. ఆ కాగితాలు చూశాకే అమ్మ ఆయనతో మళ్లీ నోరు విప్పి మాట్లాడింది. కోపం పోయిందని కాదు. తన గురించి ఎంతోకొంత భయపడ్డాడని తెలిసి.

వైద్యం పేరుతో పోయిన డబ్బు కూడా చెప్పాలి. మా పెదనాయిన మంచి మనసుతోనే నాయినను పట్నంలో సెక్సాలజిస్ట్ అని బోర్డు పెట్టుకున్నాయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆరు నెలల కోర్సు, 45,000, సగం ముందు కట్టాలి. ఇచ్చింది మగ హార్మోన్ ఇంజెక్షన్లు. హార్మోన్ ఎక్కిస్తే కోరిక పెరగొచ్చు గానీ అది ఎటు పోవాలో హార్మోన్ చెప్పదు. ఆ మాట మాకు ప్రభుత్వ ఆస్పత్రి సైకియాట్రిస్టు చెప్పేసరికే రెండు ఇంజెక్షన్లు అయిపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది 1990లో. మద్రాస్ హైకోర్టు 2021 తీర్పు తర్వాత, ఇలా మారుస్తామని చికిత్స చేయడం వృత్తిపరమైన తప్పు అని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్ర మెడికల్ కౌన్సిళ్లకు రాసింది. ఎవరైనా డాక్టరు మారుస్తానంటే ఫిర్యాదు చేయాల్సింది ఆ కౌన్సిల్‌కే. తాయెత్తుల ఖర్చు 3,000లోపే, అది మా నాయినమ్మ తృప్తి కోసం.

నిజంగా పనికొచ్చింది టెలీ మానస్, మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ లైను, 14416. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అమ్మకు రెండు నెలలు నిద్ర లేదు. మొదటిసారి నేనే కలిపి ఫోన్ చేతికిచ్చాను. తర్వాత ఆమే బర్రె పాలు పిండాక, కొట్టంలోనే నిలబడి చేసుకునేది. నాయినకు అట్లాంటిది దొరకలేదు. హైదరాబాద్‌లో 2013 నుంచి ఇలాంటివాళ్లు బయటికొచ్చి కలిసి నడిచే ప్రైడ్ నడకలున్నాయి, గుంపులున్నాయి. కానీ వాటిల్లో ఎక్కువమంది పాతికేళ్ల పిల్లలు, మాట సగం ఇంగ్లిష్. తల్లిదండ్రులకు ఇచ్చే సలహాలన్నీ బిడ్డ గే అయితే ఏం చేయాలన్నవే. తండ్రి అయితే బిడ్డలేం చేయాలో మేమే తడుముకున్నాం.

చుట్టాలు వచ్చి అడిగినవి మూడే ప్రశ్నలు. మొదటిది పెదనాయినది: "ఇగ చీర కట్టుకుంటడా?" కట్టుకోడు. హిజ్రా అంటే తాను ఆడో మగో అన్న సంగతి, గే అంటే ఎవరి మీద మనసు పోతుందన్న సంగతి, రెండూ వేరు. నాయిన పంచె కట్టులోనే ఉన్నాడు. రెండోది, పిల్లలకు వస్తుందా అని. 2019లో దాదాపు 4 లక్షల 70 వేల మంది జన్యువులు చూసి, దీనికంటూ ఒక్క జన్యువు లేదని తేల్చారు. తండ్రి గే కాబట్టి కొడుకూ అంతే అనే లెక్క లేదు. ఇది చెల్లె పెళ్లి సంబంధాల్లో పనికొచ్చింది.

మూడోది మా మేనమామ బెదిరింపు. పాత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ కింద కేసు పెట్టి లోపలేయిస్తానన్నాడు. పెద్దవాళ్లు ఇష్టపడి నాలుగు గోడల మధ్య చేసుకునేదాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6నే ఆ సెక్షన్‌లోంచి తీసేసింది. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త సంహితలో ఆ సెక్షనే లేదు. తర్వాత భార్యను హింసించారన్న కేసు పెడదామన్నాడు. అట్లాంటి ఫిర్యాదు తోబుట్టువులు కూడా ఇవ్వొచ్చు గానీ, తేల్చుకోవాల్సింది అమ్మే అన్నాం. అమ్మ ఆలోచించుకుని, "కొట్టలే, తిట్టలే, కట్నం అడగలే. చెప్పకుండ చేసుకున్నడు. దానికి ఏ సెక్షన్ ఉంది?" అనింది. లాయర్ చెప్పిన జవాబు: మోసంతో జరిగిన పెళ్లిని రద్దు చేయమని అడగాలంటే ఆ మోసం తెలిసిన ఏడాదిలోపు అడగాలి, తెలిశాక ఇష్టపడి కలిసి కాపురం చేసి ఉండకూడదు. గడువు ఉంది, కానీ ముగ్గురు పిల్లలున్న 26 ఏళ్ల కాపురాన్ని రద్దు చేయించడానికి సాక్ష్యం, వాదన అంటూ ఏళ్లు పడుతుంది, పైగా అంతా కోర్టులో నోటితో చెప్పాలి. ఇద్దరూ ఒప్పుకుని విడిపోవడం తేలిక.

పెద్దమనుషుల దగ్గరికి పోవద్దని మేం గట్టిగా పట్టుబట్టాం. మా వైపు రెండు పక్కలా డిపాజిట్ కట్టించుకుని పంచాయితీ పెడతారు, పది మంది ముందు కారణం అడుగుతారు, చివరికి బాండు కాగితం మీద తెగతెంపులు రాసిస్తారు. ఆ కాగితం విడాకులు కాదు. కులంలో అట్లాంటి ఆచారం ఉందని కోర్టులో రుజువు చేస్తే తప్ప చెల్లదు. ఆ కాగితం పట్టుకుని మళ్లీ పెళ్లి చేసుకుని ఇరుక్కున్నవాళ్లు ప్రతి మండలంలో ఉంటారు.

పరస్పర అంగీకార విడాకులకు హిందూ వివాహ చట్టం 13బి కింద ఏడాదిపాటు విడిగా ఉండాలి. మాకున్నది ఒక్క ఇల్లు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తలుగా కాపురం చేయకపోతే విడిగా ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. నాయిన మంచం వసారాలోకి మారింది, నాట్లు పడ్డాక మోటారు కాడికి పోయింది. ఊళ్లో పొలం కాడ పడుకునే మగవాళ్లు చాలామంది, ఎవరికీ వింతగా అనిపించలేదు. ఆ తేదీ అమ్మ క్యాలెండర్ మీద గీటు పెట్టుకుంది. తర్వాత పిటిషన్‌లో అదే తేదీ రాశారు.

ఆ ఏడాదంతా ఖాళీగా కూర్చోలేదు, కాగితాలు సర్దుకున్నాం. విడాకులకంటే ముందు భూమి, ఇది చాలామంది తలకిందులు చేస్తారు. అమ్మకు రెండెకరాలు ఇవ్వాలన్నది మాట. మామ బాండు మీద రాయిస్తే చాలన్నాడు, చిన్నాయిన వీలునామా అన్నాడు. వీలునామా నాయిన బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, బాండు రిజిస్ట్రేషన్ కానిదే భూమి మారదు. రిజిస్టర్ అయిన గిఫ్ట్ డీడ్‌ను ఇచ్చినవాడు మనసు మారిందని వెనక్కి తీసుకోలేడు. అందుకే గిఫ్ట్ డీడ్ పట్టుకున్నాం. తెలంగాణలో సాగు భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులోనే, మీసేవలో స్లాట్ బుక్ చేసుకుని పోవాలి. అడ్డం పడింది పంట రుణం, పాస్‌బుక్ మీద 1,60,000 ఉంది. అది కట్టి బ్యాంకు నుంచి బాకీ లేదన్న కాగితం తెచ్చుకునేదాకా ఒక పంటకాలం పోయింది. భూమి తాతల నాటిది కాబట్టి మా ముగ్గురు పిల్లలతో కూడా సంతకాలు పెట్టించారు. భార్యగా ఉన్నప్పుడే చేయించుకోండి, విడాకుల తర్వాత కుటుంబ సభ్యులకున్న తక్కువ స్టాంపు లెక్క రాదని డాక్యుమెంట్ రైటర్ ముందే హెచ్చరించాడు.

అమ్మ పేర పాస్‌బుక్ రావడంతో ఇంకో రెండు కలిసొచ్చాయి. రెండెకరాల రైతు భరోసా (సర్కారు ఇచ్చే పంట పెట్టుబడి సాయం), ఎకరానికి పంటకు 6,000 చొప్పున, ఆమె ఖాతాలో పడుతుంది. 59 ఏళ్లలోపు కాబట్టి, రైతు చనిపోతే ఇంటివాళ్లకు 5 లక్షలు ఇచ్చే రైతు బీమా కూడా ఆమె పేర విడిగా వచ్చింది, నామినీ చెల్లె. నాయిన బీమాలో నామినీ అమ్మే ఉంది. కోపంలో ఎవరూ మార్చలేదు, మంచిదైంది. బంగారం సంగతి మాత్రం అందరూ చూసుకోండి: అమ్మ నాలుగు తులాల గొలుసు బ్యాంకులో తాకట్టు ఉంది, రుణం నాయిన పేర. నగ అమ్మదే అయినా బ్యాంకు ఇచ్చేది రుణం తీసుకున్న మనిషి చేతికే. నాయిన వచ్చి సంతకం పెట్టి విడిపిస్తే, అమ్మ పేర లాకరు లేక, మా అత్తగారింట్లో నా బీరువాలో పెట్టాం.

కోర్టుకు అమ్మకు లాయరు ఉచితంగా వచ్చాడు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద దరఖాస్తు, ఆధార్ జిరాక్సు. ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేదు. ఫోన్ 15100. ఇద్దరికీ ఒకే లాయరు సరిపోతాడన్నారు గానీ మేం ఒప్పుకోలేదు, అమ్మ పక్కన అమ్మ మనిషి ఉండాలి. పిటిషన్‌తో పెట్టినవి శుభలేఖ దొరకక పెళ్లి ఫొటో, ఇద్దరి ఆధార్, గిఫ్ట్ డీడ్ నంబరు, నెలకు 4,000 ఇస్తానన్న షరతు. కారణం రాయలేదు. ఏడాదిగా విడిగా ఉంటున్నాం, కలిసి ఉండలేకపోతున్నాం, ఇద్దరం ఒప్పుకున్నాం, చట్టానికి ఈ మూడు ముక్కలు చాలు. జడ్జి కూడా ఒత్తిడి ఏమైనా ఉందా అనే అడిగారు, ఎందుకు అని అడగలేదు. మొదటిసారి వాంగ్మూలం ఇచ్చాక ఆరు నెలలు ఆగి రెండోసారి రావాలి. 2017 తీర్పు ప్రకారం ఆ ఆరు నెలలు మాఫీ చేయమని అడగొచ్చు గానీ, పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర విడిగా ఉండి ఉండాలి. మాకు ఏడాదే అయింది, ఆగాం. రెండోసారి హాజరయ్యేలోపు ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. అమ్మ ఒక్కసారి తగ్గింది, పదకొండు రోజులు, మళ్లీ తనే సరేనంది. ఎవరూ బతిమాలలేదు.

ఊరికి చెప్పిన మాట ఒకటే, ఇంట్లో అందరం అదే చెప్పాం: "ఇద్దరూ విడిగా ఉందామనుకున్నరు, పంచాయితీ ఏం లేదు." ఎవరు ఎన్ని రకాలుగా అడిగినా అక్షరం మార్చొద్దు. మారిస్తే రెండు కథలవుతాయి, రెండు కథలుంటే ఊరు మూడోది తయారుచేస్తుంది. కొందరికి అసలు సంగతి తెలుసనే అనుకుంటున్నా. కల్లు కాడ ఎవరో ఏదో అన్నారని తమ్ముడు ఒకసారి చెయ్యి చేసుకోబోయాడు. నాయినే ఆపాడు.

చెల్లె సంబంధానికి నిశ్చయం కాకముందే, అబ్బాయికి ఒక్కడికే, చెల్లె చెప్పింది. నాయిన ఒప్పుకున్నాకే చెప్పింది. మొదటి సంబంధం ఆ మాటతోనే పోయింది. రెండో అబ్బాయి రెండు రోజులు ఫోన్ చేయలేదు, మూడో రోజు ముహూర్తం గురించి అడిగాడు. కన్యాదానానికి అమ్మానాయినలే పీటల మీద కూర్చోవాలని లేదు, పెదనాయిన-పెద్దమ్మలతో చేయించవచ్చని అయ్యగారు చెప్పారు. శుభలేఖ అచ్చుకు పోయేముందు ఆహ్వానించేవారి దగ్గర ఎవరి పేరు వేయాలని ప్రెస్సు అతను అడిగాడు. అమ్మ ఫోన్ అందుకుని రెండు పేర్లూ చెప్పింది, పైన తన పేరు, కింది లైనులో నాయిన పేరు, మధ్యలో 'శ్రీమతి, శ్రీ' ఏమీ పెట్టొద్దని.